మా రోజుల్లో మెడ విప్పితే గానీ నట్టు కనపడేది కాదు

మా రోజుల్లో బేస్ గిటార్ నెక్ సరిచెయ్యడమంటే ఒక పూట పని. పొద్దున్నే కాఫీ తాగి కూర్చుంటే, ఎండ నడినెత్తికి వచ్చేవేళకి లేస్తే వేగంగా చేసినట్టే లెక్క. తీగలు వదులు చెయ్యాలి. వెనక నాలుగు స్క్రూలు విప్పాలి. నెక్ ఊడదీసి ఒళ్లో పెట్టుకుంటే అప్పుడు గానీ బాడీలోకి దిగే చివర ప్లస్ గుర్తు గాడితో ఉన్న నట్టు కంటపడదు. దాన్ని పావు చుట్టు తిప్పి, మళ్లీ నెక్ బిగించి, మళ్లీ శ్రుతి చేసి వాయించి చూస్తే, ఇంకాస్త తిప్పాలని తేలేది. ఇంకేముంది, మళ్లీ మొదటికి. మీ కుర్రాళ్లకి ఇప్పుడా బాధ లేదు. ఫ్రెట్‌బోర్డు చివర చిన్న చక్రం, దాని చుట్టూ బెజ్జాలు, జేబులో సన్నటి ఇనప పుల్ల. టీ చల్లారేలోపు పని అయిపోతుంది. "ఎంత సుఖంగా ఉందో చూడండి మాస్టారూ" అని నాకే చూపిస్తారు. చూశాను నాయనా. ఆ సుఖమే కొంప ముంచిందని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందు ఆ నట్టు బిగించే కడ్డీ నెక్ లోపల ఎందుకుందో విను. తెలుసనకు, వినడం వల్ల నీకు పోయేదేం లేదు. బేస్ గిటార్‌కి మామూలుగా ఉండే తీగ పొడవు 34 అంగుళాలు. ఆ లావుపాటి నాలుగు తీగల్నీ శ్రుతికి బిగిస్తే, అన్నీ కలిసి నెక్‌ని దాదాపు 80 కిలోల బలంతో లాగుతాయి. నువ్వు నిద్రపోతున్నా లాగుతాయి, గోడకి తగిలించి ఊరెళ్లినా లాగుతాయి. రెండు వేళ్ల మందం కూడా లేని మేపుల్ చెక్క ఆ లాగుడికి ఎన్నాళ్లు నిటారుగా ఉంటుంది? మెల్లమెల్లగా ముందుకి వంగుతుంది, తీగలు ఎత్తుకి లేస్తాయి, నొక్కే వేళ్లు బొబ్బలెక్కుతాయి. అందుకని చెక్క కడుపులో గాడి తవ్వి, అందులో ఉక్కు కడ్డీ పెట్టారు. అదే ట్రస్ రాడ్. నట్టు బిగించేకొద్దీ అది తీగల లాగుడికి ఎదురొడ్డి నెక్‌ని వెనక్కి తెస్తుంది. అలాగని పూర్తిగా నిటారైపోయినా కుదరదు. తీగ మోగేటప్పుడు నడుమ ఊగడానికి కాస్త చోటు కావాలి. ఎనిమిదో ఫ్రెట్ దగ్గర 0.3 మిల్లీమీటర్ల పైచిలుకు సందుంటే చాలు. మేము మొదటి ఫ్రెట్టూ చివరి ఫ్రెట్టూ నొక్కిపట్టి, నడుమ విజిటింగ్ కార్డు దూర్చి చూసేవాళ్లం. కార్డు తీగకి తగిలీ తగలకుండా వెళితే చాలు, దాన్ని ముట్టుకునేవాళ్లం కాదు.

ఈ కడ్డీ ఆలోచన ఫెండర్ గిటార్లు చేసిన లియో ఫెండర్‌ది అనుకుంటారు మీరు. కాదు. గిబ్సన్ కంపెనీలో పనిచేసే థాడియస్ మెక్‌హ్యూ 1921లో పేటెంటుకి అర్జీ పెట్టుకున్నాడు, 1923లో చేతికొచ్చింది. లియోకైతే మొదట్లో దాని మీద నమ్మకమే లేదు. ఆయన కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసుకుంటూ పైకొచ్చిన మనిషి. గిటార్ వాయించడం కూడా రాదు. గట్టి మేపుల్‌కి ఇనుము ఊతం దేనికని 1950లో తొలి ఎస్క్వయర్ గిటార్లని కడ్డీ లేకుండానే చేశాడు. నెక్‌లు వంగాయి. అమ్మకాలు చూసుకునేవాళ్లు ఇలా కుదరదన్నారు. ఆ ఏడాది గడవకముందే కడ్డీ వచ్చి చేరింది. 1951లో వచ్చిన ఆయన ప్రెసిషన్ బేస్ అయితే కడ్డీతోనే పుట్టింది.

ఆ కడ్డీ పెట్టిన తీరు చూడు. ఒకే మేపుల్ ముక్క. దాని వీపున వంపు తిరిగిన గాడి తవ్వి, నడుమ కడ్డీ వీపుకి దగ్గరగా ఉండేట్టు చేసి, కడ్డీని ఆ వంపులో పడుకోబెట్టి, పైన నల్ల వాల్‌నట్ చెక్క బద్ద అతికించేశాడు. తలవైపు కడ్డీని చెక్కలోనే పాతేశాడు. రెండో చివర నట్టు. నట్టు బిగిస్తే వంగి పడుకున్న కడ్డీ సాగి నిటారు కావాలని చూస్తుంది, ఆ ప్రయత్నంలో నెక్ నడుముని పైకి నెడుతుంది. అంతే. ఒక కడ్డీ, ఒక నట్టు, ఒక వంపు. అంతకంటే తీసెయ్యడానికి అందులో ఏమీ లేదు, కలపడానికీ ఏమీ లేదు. తల దగ్గర నట్టు కోసం గుంట తవ్వలేదు గనక అక్కడి చెక్క చెక్కలాగే గట్టిగా ఉంది. గిబ్సన్ వాళ్లేమో తలకట్టు మొదట్లోనే గుంట తవ్వి నట్టు పెట్టి, మీద చిన్న మూత బిగించారు. తలకట్టు వెనక్కి వాలి ఉంటుంది, పైగా మహాగని చెక్క. కిందపడితే సరిగ్గా ఆ గుంట దగ్గరే పుటుక్కుమంటుంది. ఎన్ని అతికించానో ఈ చేతుల్తో.

నేను ప్రెసిషన్ బేస్‌ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నది విశాఖపట్నంలో. ఓడ దిగిన ఒకాయన అమ్మకానికి పెట్టాడు. అప్పటికి మా విజయవాడ ఆర్కెస్ట్రాలో నేను వాయించేది ఇక్కడెక్కడో చేసిన బేస్, దానికి కడ్డీ అన్న మాటే లేదు. శ్రీరామనవమి పందిట్లో సాయంత్రం మొదలుపెట్టిన పాట అర్ధరాత్రికి వచ్చేసరికి నెక్ వంగి శ్రుతి జారిపోయేది. మా కీబోర్డాయన నావైపు ఉరిమి చూసేవాడు. నేను చెక్కవైపు ఉరిమి చూసేవాణ్ని. మే నెల ఎండలో వ్యాన్ టాప్ మీద కట్టుకుని గుంటూరు వెళ్లి వాయించాం, వానాకాలంలో కృష్ణ అవతల ఊళ్లలో వాయించాం. చెక్కకి ఎండ ఒకటి నేర్పితే వాన ఇంకోటి నేర్పుతుంది. ఆ రెండూ చూశాక, వీపున నల్ల బద్ద ఉన్న ఆ బేస్ చేతికొచ్చినప్పుడు నాకు కలిగిన నిశ్చింత నీకు చెప్పినా అర్థం కాదు. నీకు కడ్డీ లేని బేస్ అంటే ఏమిటో తెలియదు కదా.

ఆ బేస్‌ని మద్రాసులో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. సినిమా రికార్డింగుల గిటార్లన్నీ ఆయన చేతిమీదే బాగుపడేవి. బయట మద్రాసు ఉక్క, లోపల రికార్డింగ్ థియేటర్ ఏసీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ రెంటి మధ్యా తిరిగే చెక్క పని పట్టాలంటే ఎంత ఓపిక కావాలి! ఇళయరాజా గారి పాటల్లో శశిధరన్ వాయించిన బేస్ వింటూ పెరిగినవాళ్లం మేము. ఆ వరసలు అంత స్వచ్ఛంగా పలకాలంటే వెనక వేళ్లతో పాటు ఇలాంటి పెద్దవాళ్ల చేతిపని కూడా ఉండాలి. ఆ పెద్దాయన నా బేస్ తీసుకుని గంటసేపు ఏమీ చెయ్యలేదు. ఒక మూలన నిలబెట్టి, వేరే పని చేసుకుంటూ, మధ్యమధ్య వచ్చి ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూసి వెళ్లేవాడు. నేను ఆగలేక అడిగితే, "అది ఇప్పుడే రైలు దిగింది, ముందు దాన్ని కూర్చోనీ" అన్నాడు. మర్నాడు రమ్మన్నాడు. మర్నాడు వెళితే చెక్క తనంతట తనే సగం సర్దుకుంది. మిగతా సగానికి ఆయన నట్టుని పావు చుట్టు కూడా తిప్పలేదు.

ఇప్పుడు చెప్పు, చక్రం చేతికందుబాటులో ఉన్నవాడు మర్నాటిదాకా ఆగుతాడా?

సరే, వరసలో చెబుతాను. 1959లో ప్రెసిషన్ బేస్‌కి రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు వచ్చింది. పైన వేరే చెక్క అతికిస్తున్నారు గనక కడ్డీని ముందువైపు నుంచే పెట్టి మీద ఫ్రెట్‌బోర్డు మూసేశారు, వీపున నల్ల బద్ద మాయమైంది. దిగజారడం అక్కడే మొదలైందనేవాళ్లున్నారు. నేనంత దూరం పోను. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కీ అదే పద్ధతి, దాన్ని నేనెలా తిట్టగలను? నట్టు మాత్రం కిందనే ఉంది, విప్పితే గానీ దొరకదు. నాకు అది చాలు.

1965 జనవరిలో లియో తన కంపెనీని సీబీఎస్ సంస్థకి అమ్మేశాడు, 1 కోటీ 30 లక్షల డాలర్లకి. అక్కణ్నించి మొదలైంది అసలు కథ. 1971లో ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ తలకట్టు మీద తుపాకీ గుండు ఆకారంలో నట్టు మొలిచింది. బుల్లెట్ అనే పేరే పెట్టారు దానికి. కొన్నేళ్లకి జాజ్ బేస్‌కీ అదే అంటించారు. దాంతో పాటు వెనక నాలుగు స్క్రూల చోట మూడు. నెక్ కోణం మార్చుకోవడానికి ఇంకో చిన్న ఏర్పాటు. ఎవరడిగారయ్యా? నాలుగు స్క్రూలు బరువయ్యాయా? మూడు స్క్రూల నెక్‌లు ఎన్నో చూశాను, పక్కకి నెడితే జరుగుతాయి. నెక్ జరిగితే సన్న తీగ ఫ్రెట్‌బోర్డు అంచుకి వచ్చేస్తుంది, వేలు వేస్తే జారిపోతుంది. పాపం ప్రెసిషన్ బేస్‌ని మాత్రం ఆ రోజుల్లో పాత పద్ధతిలోనే వదిలేశారు. అందుకే నేను ఆ కాలం నాటి ప్రెసిషన్ కనపడితే ఇప్పటికీ ఆగి చూస్తాను.

నాకు మనసు నొచ్చుకున్న సంగతి ఇంకోటుంది. 1976లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ నుంచి స్టింగ్‌రే బేస్ వచ్చింది. లియో చేతి బేసే అది. దాని గొంతు చెబుతుంది ఎవరు చేశారో. అంత మంచి బేస్‌కి కూడా తల మీద బుల్లెట్టే, వెనక మూడు స్క్రూలే. ఫుల్లర్టన్‌లో కిందనే నట్టు దాచిన మనిషి, పదీ పాతికేళ్లు తిరక్కుండానే తల మీదకి ఎక్కించేశాడు. ఆయన బేస్, ఆయన ఇష్టం. కానీ నాకిష్టం లేదు. 1984లో మ్యూజిక్ మ్యాన్ ఎర్నీ బాల్ చేతికి వచ్చాక స్క్రూలు ఆరయ్యాయి, అది మంచిదే. ఆ తర్వాత బుల్లెట్ పోయి కింద బెజ్జాల చక్రం వచ్చింది. ఇప్పుడు మీరందరూ ముచ్చటపడే చక్రం అదే. 2016లో ఫెండర్ వాళ్లు కూడా అమెరికన్ ఎలీట్ బేస్‌లకి దాన్నే పెట్టుకున్నారు.

చక్రం కిందకి దిగింది కదా, మీరు కోరుకున్నదే కదా అంటావు. నేను కోరుకున్నది నట్టు కిందుండాలని కాదురా అబ్బాయ్. దాన్ని చేరడానికి శ్రమపడాలని. నాలుగు స్క్రూలు విప్పాలంటే మనిషి ముందు ఆలోచిస్తాడు. నిజంగా నెక్కే వంగిందా, లేక బ్రిడ్జి దగ్గర తీగ ఎత్తా, ఫ్రెట్ అరిగిందా, నిన్న వేసిన కొత్త తీగలు లావా, ఊరికే వాన పట్టి చెక్క ఉబ్బిందా? ఇవన్నీ చూసుకుని, ఇక తప్పదంటేనే స్క్రూ డ్రైవర్ అందుకునేవాళ్లం. ఇప్పుడు తీగ ఎక్కడ జర్రుమన్నా చెయ్యి ముందు చక్రం మీదకే పోతుంది. ఊరగాయ జాడీ మూత అస్తమానం తీసి చూస్తే బూజు పట్టినట్టు, నెక్‌ని వారానికోసారి కదిలిస్తే అది ఒకచోట కుదురుకునే అవకాశమే ఉండదు. సోమవారం బిగిస్తారు, గురువారం వదులుతారు, ఆదివారం "ఈ బేస్ నిలకడగా ఉండట్లేదు మాస్టారూ" అని నా దగ్గరికి వస్తారు. నిలకడ లేనిది బేస్‌కి కాదు.

ఆ మధ్య మా వీధి కుర్రాడొకడు ఏడుపు ముఖంతో వచ్చాడు. ఒక షాపులో "సెటప్" చేయించాడట. అక్కడున్న పిల్లాడు తీగలు వదులు చెయ్యకుండా, ఎంత వంగిందో చూడకుండా, కీ పెట్టి ఒకటిన్నర చుట్టు తిప్పేశాడు. నట్టు గాడి అరిగిపోయింది, కడ్డీ ఇక తిరగదు. ఫ్రెట్‌బోర్డు ఊడదీసి కొత్త కడ్డీ వెయ్యడం తప్ప దారి లేదు. ఆ పనికయ్యే ఖర్చుతో ఇంకో బేస్ వస్తుంది. ఆ షాపు పిల్లాణ్ని కూడా నేనంత తిట్టను. కడ్డీ అంటే వాల్యూమ్ బటన్ అని వాడికి నేర్పిన కాలాన్ని తిట్టాలి.

తీగల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కడ్డీ మారడానికి సగం కారణం తీగలే. మొదట్లో అందరూ వాడింది చదునైన చుట్టు తీగలు. వేలికి మెత్తగా, శబ్దం గుండ్రంగా. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలు ఎన్నిటికో వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీద అవే తీగలు కట్టి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగలు అంత ఎత్తులో ఉండేవి, ఒక్క చూపుడువేలితో మీటేవాడు. ఆయనకి ఆ ఎత్తు అడ్డమైందా? ఆ పాటలు విను, తెలుస్తుంది. ఇంగ్లండులో రోటోసౌండ్ వాళ్లు గరుకు చుట్టు తీగలు తెచ్చారు. ద హూ బృందంలో జాన్ ఎంట్‌విసిల్ 1966లో వాళ్లతో కూర్చుని బేస్ తీగల్ని తనకి కావలసినట్టు చేయించుకున్నాడు. పియానోలా గణగణ మోగాయి. అందరికీ అవే కావాలి. ఆ మోత బాగా వినపడాలంటే తీగలు ఫ్రెట్లకి ఆనీ ఆననట్టు కిందకి దించాలి. దించితే నెక్ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. అప్పటిదాకా ఏడాదికోసారి చూసుకుంటే సరిపోయిన కడ్డీకి అప్పణ్నించి పని పెరిగింది.

దీనికి బలైపోయింది రికెన్‌బ్యాకర్ 4001. 1961లో వచ్చిన బేస్ అది, శాంటా ఆనాలో చేసేవాళ్లు. నాకు దానిమీద ఎంత ప్రేమంటే, దాని పేరెత్తితే మా ఇంట్లోవాళ్లు లేచి వెళ్లిపోతారు. నెక్‌లో ఒకటి కాదు, రెండు కడ్డీలు పక్కపక్కన. ఒక్కో కడ్డీ మధ్యకి మడిచిన ఉక్కు బద్ద. దాన్ని సరిచేసే పద్ధతి మీరు కలలో కూడా ఊహించలేరు. ముందు నట్లు వదులు చెయ్యాలి. తర్వాత నెక్‌ని చేత్తో పట్టుకుని, మోకాలి మీద ఆనించి, మనకి కావలసినంత వంచి పట్టుకోవాలి. అలా పట్టుకునే ఉండగా ఇంకొకరు వచ్చి నట్లు బిగించాలి. అంటే వంచడం మనిషి పని, ఆ వంపుని నిలబెట్టడం కడ్డీ పని. ఒకరి వల్ల అయ్యే పని కాదు. నేను వంచితే మా డ్రమ్మర్ బిగించేవాడు. వాడు బిగిస్తూ "చాలా?" అంటే నేను "ఇంకొంచెం" అనేవాణ్ని. రెండు నట్లకీ సమంగా బలం పడిందో లేదో చేతికే తెలిసేది. అంత చనువు ఇప్పుడు మీలో ఎవరికుంది, బేస్‌తో గానీ డ్రమ్మర్‌తో గానీ?

ఆ పద్ధతి తెలియనివాళ్లు నట్టు తిప్పి దాంతోనే నెక్ వంచాలని చూశారు. ఫ్రెట్‌బోర్డు పైకి లేచి ఊడొచ్చింది. బేస్ చెడిందన్నారు. కంపెనీ వాళ్లు చూసి చూసి 1970ల చివర్లో 4003 అని కొత్తది తెచ్చారు, గరుకు తీగలు తట్టుకునేట్టు. తర్వాత కడ్డీలూ మార్చేశారు. ఇప్పుడు అందరి బేస్‌లకి మల్లే దానికీ నట్టు తిప్పితే చాలు. రెండో మనిషి అక్కర్లేదు.

ఇంక కడ్డీయే అక్కర్లేదన్నవాళ్లూ బయల్దేరారు. 1978 ప్రాంతంలో మాడ్యులస్ వాళ్లు గ్రాఫైట్ నెక్ తెచ్చారు. నెడ్ స్టైన్‌బర్గర్ అయితే తల కూడా తీసేసి, మొత్తం బేసంతా కార్బన్ మిశ్రమంతో పోతపోశాడు. ఎండా వానా దానికి ఒకటే. వంగదు, ఉబ్బదు, కదలదు. విన్నాను, ప్రతి స్వరమూ ఒకే బలంతో పలుకుతుంది. మామూలు ఫెండర్ బేస్‌లో సన్న తీగ మీద ఐదో ఫ్రెట్టూ ఏడో ఫ్రెట్టూ మధ్య ఎక్కడో ఒక స్వరం తొందరగా చచ్చిపోతుంది. ప్రతి బేస్‌కీ ఆ చోటు వేరు, దాన్ని కనిపెట్టి తప్పించుకుని వాయించడం మాకొక విద్య. గ్రాఫైట్ నెక్‌లో ఆ బాధ దాదాపు ఉండదు. బాధ లేకపోవడం మంచిదే, ఒప్పుకుంటాను. కానీ ఒక్కమాట. ఎవరి వేళ్ల తీరుకి తగ్గట్టు వాళ్లకి కావలసిన వంపు వేరుగా ఉంటుంది. ఏ సర్దుబాటూ లేని నెక్ తన వంపునే నీమీద రుద్దుతుంది. అందుకే తర్వాతి కాలంలో మాడ్యులస్ వాళ్లూ గ్రాఫైట్ నెక్‌లో సర్దుబాటు కడ్డీ పెట్టక తప్పలేదు.

నన్నడిగితే అసలు పెద్ద మార్పు చక్రం కాదు, బుల్లెట్టూ కాదు. రెండువైపులా పనిచేసే కడ్డీ. పాత కడ్డీ ఒకవైపే నెడుతుంది. తీగలు నెక్‌ని ముందుకి లాగితే వెనక్కి తెస్తుంది. చెక్కే తనంతట వెనక్కి వంగిపోయిందంటే, నట్టు పూర్తిగా వదిలేసినా అది చెయ్యగలిగిందేమీ లేదు. కాబట్టి చేసేవాడు ముందే జాగ్రత్తపడాలి. ఏ చెక్క, ఎన్నాళ్లు ఆరింది, నార ఎటు పోతోంది, కోత ఎటు కోశారు, ఇవన్నీ చూసి ఎంచుకోవాలి. ఎంపిక తప్పితే ఆ నెక్ పొయ్యిలోకే. 1980ల మొదట్లో ఫెండర్ వాళ్లు బైఫ్లెక్స్ అని రెండువైపులా వంచగల కడ్డీ తెచ్చారు. ఆ తర్వాత చాలామంది తిన్నని గాడిలో పడే జంట కడ్డీలకి మారారు. రెండు కడ్డీలు, చివర్లలో ఇత్తడి దిమ్మలు, ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. వంపు గాడి తవ్వే నేర్పు కూడా అక్కర్లేదు. ఏ మరైనా తిన్నగా గీత గీసేస్తుంది.

దానివల్ల పొయ్యిలోకి పోవలసిన నెక్‌లెన్నో బతికాయి. మా ఇంట్లోనే ఒకటుంది, నా మనవడి బేస్. అది వానాకాలంలో వెనక్కి వంగితే నేనే కీ తిప్పి ముందుకి తెచ్చాను, క్షణంలో. ఇది ఆ రోజుల్లో ఉంటే నేను పారేసిన రెండు మూడు నెక్‌లు ఇప్పటికీ మోగుతుండేవి. అది కాదనను. కానీ ఏ తప్పు చేసినా సరిదిద్దే కడ్డీ లోపల ఉందని తెలిశాక, చెక్క కొనేవాడు నార చూడటం మానేశాడు. ఆరబెట్టేవాడు తొందరపడ్డాడు. ఇప్పుడొచ్చే చవక నెక్‌లు కొన్ని చూడు. పెట్టెలోంచి తీసేటప్పటికే కడ్డీ ఒకవైపు చివరంటా తిరిగి ఉంటుంది. కొత్తదానికే అంత వైద్యం కావాల్సొస్తే రేపు ముసలిదయ్యాక దాని గతేమిటి? పైగా పాత కడ్డీ బిగువుగా చెక్కకి ఒత్తుకుని ఉండేది. ఈ జంట కడ్డీకి నట్టు రెండువైపులా వదులుగా తిరిగే చోటొకటి ఉంటుంది. అక్కడ వదిలేస్తే కొన్ని స్వరాలకి లోపల కడ్డీ గలగలమంటుంది. నెక్ బరువూ పెరిగింది. నిలబడి వాయిస్తుంటే తల కిందకి వాలిపోతుంది, ఎడమచెయ్యి నెక్‌ని మొయ్యాలా, వాయించాలా?

మా బొబ్బిలి వీణని చూడు. ఒకే పనస దుంగలోంచి కుండ, దండి, యాళిముఖం అన్నీ చెక్కుతారు గొల్లపల్లి పనివాళ్లు. ఆ దండిలో ఇనప ముక్క లేదు. ఎండకి మైనం మెత్తబడి మెట్లు జరిగితే మేళం కట్టేవాణ్ని పిలిపిస్తారు, ఆయన వచ్చేదాకా ఆగుతారు. ఎవరూ ఇంట్లో సొంతంగా మైనం కరిగించి కూర్చోరు. బేస్ తీగల లాగుడు వేరు, సన్నటి నెక్ వేరు, దానికి ఇనుము తప్పదు, నాకు తెలుసు. నేనడిగేది ఆ ఆగడం గురించి.

పాతదాంట్లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. నెక్ అస్తమానం విప్పితే స్క్రూ బెజ్జాలు వదులైపోతాయి. అగ్గిపుల్లలకి జిగురు రాసి బెజ్జంలో దిగ్గొట్టి మళ్లీ స్క్రూ ఎక్కించేవాళ్లం. నట్టు గాడి సరైన స్క్రూ డ్రైవర్ పడకపోతే చెరిగిపోయేది. తుప్పు పడితే అసలు తిరిగేది కాదు. కచేరీకి గంట ముందు నెక్ వంగిందంటే చేసేదేమీ లేదు, వంగినదాని మీదే వాయించాలి. వాయించాం కూడా. ఎక్కడ తీగ జర్రుమంటుందో ఆ ఫ్రెట్ వదిలేసి, అదే స్వరాన్ని పక్క తీగ మీద పట్టుకునేవాళ్లం. బేస్ నెక్ మీద ఏ స్వరం ఎన్నిచోట్ల ఉందో మాకు అలా తెలిసింది. ఇప్పుడు చక్రం తిప్పేవాడికి ఆ అవసరం ఏముంది?

చూడబోతే మీరే కాదు, కంపెనీ వాళ్లూ మధ్యమధ్య వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నారు. 1982లో ఫెండర్ వాళ్లు 57, 62 నాటి ప్రెసిషన్ బేస్‌లని అచ్చం పాతపద్ధతిలో, నట్టు కిందనే పెట్టి మళ్లీ చేశారు. లియో తన చివరి కంపెనీ జి అండ్ ఎల్‌లో నెక్‌ని నిలువునా రెండుగా కోసి, లోపల గాడి తవ్వి, కడ్డీ పెట్టి, మళ్లీ అతికించే పద్ధతి కనిపెట్టాడు. 1991లో పోయేదాకా ఆయన చెక్కనీ ఇనుమునీ ఎలా కలపాలో ఆలోచిస్తూనే ఉన్నాడు. అంత ఆలోచించిన మనిషి చేసినదాన్ని నువ్వు ఆలోచించకుండా తిప్పకు, అంతే నేను చెప్పేది.

కొత్త తీగలు వేస్తే రెండురోజులు వాయించి అప్పుడు చూడు. వాన మొదలైన వారంలోనూ, ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన గంటలోనూ కడ్డీ జోలికి పోకు. ఇంకో బేస్ కొనడానికి వెళితే రంగూ పేరూ తర్వాత, ముందు నెక్ పొడవునా ఒక కన్ను మూసి చూడు, చెక్క నార తిన్నగా పోతోందా చూడు, కొట్టువాణ్ని అడిగి కడ్డీ నట్టుకి ఇంకా రెండువైపులా తిరిగే చోటుందో లేదో తెలుసుకో. చోటు లేదంటే, ఎంత తగ్గించి ఇచ్చినా ఆ బేస్ కొనకు.